దేవుణ్ణి నమ్మని గోరా ఏం నమ్మారు?

గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు. ఆ పిల్లల పేర్లు వరసగా చదివితే దేశచరిత్రలో ఒక కాలం కళ్లముందు తిరుగుతుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. ఎన్నికల్లో కాంగ్రెస్ గెలుపు పేరు మీద వచ్చినవాడు విజయం. రెండో ప్రపంచ యుద్ధం కమ్ముకొస్తున్న రోజుల బిడ్డ సమరం. ఐరోపాను నియంతలు గడగడలాడిస్తున్నప్పటి వాడు నియంత. తొమ్మిదో సంతానం పేరు నౌ. హిందీలో తొమ్మిది అన్నమాట.

తాత పేరు పెట్టాలనీ, ఇలవేల్పు పేరు కలవాలనీ, నక్షత్రాన్ని బట్టి మొదటి అక్షరం ఉండాలనీ పట్టుబట్టే కాలం అది. ఈ పేర్లలో దేవుడు లేడు, కులం తోక లేదు. బిడ్డను బడిలో వేసేటప్పుడు పంతులుగారు పేరు అడిగితే చాలు, ఆ తల్లిదండ్రులు ఏం నమ్ముతారో అక్కడికక్కడే తెలిసిపోయేది. తండ్రి తన పేరునూ అలాగే కుదించుకున్నారు. గోపరాజులో గో, రామచంద్రరావులో రా. దేశమంతా ఆయన్ని గోరా అనే పిలిచింది.

మీ జీవిత దృక్పథం ఏమిటి అని ఎవరినైనా అడిగితే సాధారణంగా రెండు మూడు పెద్ద మాటలు వస్తాయి. సత్యం, ధర్మం, మానవత్వం. ఆ మాటలు నిజమే కావచ్చు. కానీ అవి ఆ మనిషి ఇంట్లో ఎక్కడున్నాయో వెతకాల్సి వస్తుంది. గోరా దగ్గర ఆ వెతుకులాట అక్కర్లేదు. భోజనాల బంతిలో, పెళ్లి పందిట్లో, పిల్లల పేర్లలో, పోగొట్టుకున్న ఉద్యోగాల్లో ఆయన దృక్పథం పరిచి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు తెలుగునాట తన నమ్మకాన్ని ఇంత పూర్తిగా, ఇంత బాహాటంగా బతికి చూపించినవాళ్లు అరుదు.

గోరా 1902 నవంబరు 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. చదివింది వృక్షశాస్త్రం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. చేశారు. సరస్వతితో పెళ్లి 1922లో జరిగింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. మధురైలోని అమెరికన్ కాలేజీలో, కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనా సంస్థలో, కొలంబోలోని ఆనంద కాలేజీలో, ఆ తర్వాత కాకినాడ పి.ఆర్. కాలేజీలో, బందరు హిందూ కాలేజీలో పనిచేశారు. మధురైలో ఉన్నప్పుడు క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికాలో పై చదువులకు పంపిస్తామన్న మాట వచ్చింది. గోరా ఒప్పుకోలేదు. ఉన్న మతం మీదే గురి కుదరని మనిషి చదువు కోసం ఇంకో మతంలోకి ఎలా వెళ్తారు?

ఆయన పుట్టు నాస్తికులు కారు. ఒక్కరోజులో మారిపోనూ లేదు. మొక్కను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే అలవాటు మెల్లగా మిగతా విషయాలకూ పాకింది. దయ్యాల కొంప అని పేరుపడి ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో కాపురం పెట్టారు. దయ్యాలు రాలేదు. సరస్వతి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. గర్భిణి గ్రహణాన్ని చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని ఇప్పటికీ భయపడే ఇళ్లున్నాయి. వందేళ్ల కిందట ఆ భయం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. సరస్వతి ఆ నియమాన్ని లెక్కచేయలేదు, బిడ్డ నిక్షేపంగా పుట్టింది. పరీక్ష చేసింది భర్త శరీరం మీద కాదు, ఆమె శరీరం మీద, ఆమె కడుపులో బిడ్డ మీద. అందుకే గోరా కథ చెప్పేటప్పుడు సరస్వతిని పక్కన నిలబెట్టి చెప్పడం సరిపోదు. ఆమె ధైర్యం లేకపోతే ఆ నమ్మకం పుస్తకంలోనే ఉండిపోయేది.

తర్వాత గోరా జంధ్యం తీసేశారు. దాంతో సొంత ఇంటి తలుపు మూసుకుంది. కుటుంబం వెలివేసింది. 1933లో దేవుడి గురించి తన అభిప్రాయాలు బయటపెట్టినందుకు కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. కొన్నేళ్లకు బందరు కాలేజీలోనూ అదే జరిగింది. పిల్లలు చిన్నవాళ్లు, సంసారం పెద్దది. మాట మార్చుకుంటే ఉద్యోగం దక్కేదే. ఆయన మార్చుకోలేదు. సరస్వతి మార్చుకోమనలేదు.

ఇంతకీ గోరా చెప్పిందేమిటి? దేవుడు లేడు అనేది ఆయన సిద్ధాంతంలో మొదటి మెట్టు మాత్రమే. అసలు ప్రశ్న మనిషి గురించి. కష్టం వస్తే నుదుటి రాత, సుఖం వస్తే దేవుడి దయ, పక్కవాడు ఆకలితో ఉంటే వాడి కర్మ. ఇలా ప్రతిదానికీ బాధ్యతను తనమీద నుంచి దించేసుకునే మనసు బానిస మనసని ఆయన వాదన. దేవుడనే ఊహను తీసేస్తే మనిషికి తన చేతులు తనకు కనిపిస్తాయి. చేసేదీ తనే, చెడగొట్టేదీ తనే, సరిదిద్దుకోవాల్సిందీ తనే. నాస్తికత్వం అంటే ఆయనకు ఈ స్వేచ్ఛ. స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత వచ్చి తీరుతుంది. ఆర్థిక పరిస్థితులే మనిషిని నడిపిస్తాయనే వాదాన్ని కూడా ఆయన పూర్తిగా అంగీకరించకపోవడానికి కారణం ఇదే. తలరాత ఏ పేరుతో వచ్చినా ఆయనకు తలరాతే.

దేవుడి భయం లేకపోతే మనిషి అడ్డదారి పట్టడా అన్న ప్రశ్న ఆయనకు జీవితమంతా ఎదురైంది. దానికి ఆయన ఇచ్చిన జవాబు బాహాటత్వం. ఏదైనా దాచకుండా, నలుగురి ఎదుట చెయ్యాలి. దాచాల్సిన అవసరం వచ్చిందంటే అక్కడ తప్పు ఉందని అర్థం. బాహాటంగా చేసేదాన్ని నలుగురూ చూస్తారు, అడుగుతారు, సరిదిద్దుతారు. నరకం చేస్తుందనుకున్న పనిని ఇరుగుపొరుగు చెయ్యగలరని ఆయన నమ్మకం. ఇందులో చర్చించాల్సింది ఉంది. నలుగురూ కలిసి తప్పు చేసే ఊళ్లు లేవా? అంటరానితనం బాహాటంగా సాగింది కాదా? అయినా చాటుమాటు లేకుండా బతకాలన్న నియమాన్ని గోరా మొదట తనకే విధించుకున్నారు. అందువల్లే ఆ మాటకు బరువు వచ్చింది.

బందరు ఉద్యోగం పోయాక కృష్ణా జిల్లా ఉయ్యూరు దగ్గరి ముదునూరు ఆయన్ని పిలిచింది. 1940 ఆగస్టులో అక్కడ నాస్తిక కేంద్రం మొదలైంది. నాస్తిక కేంద్రం అంటే ఉపన్యాసాల మందిరం అనుకునేవాళ్లకు ఆ పూరిపాకలు ఆశ్చర్యం కలిగించి ఉంటాయి. అక్కడ రోజువారీ పని వయోజనులకు అక్షరాలు నేర్పడం, అంటరానితనాన్ని తుడిచెయ్యడం. దానికి ఎంచుకున్న సాధనం భోజనం. పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టేవారు. మాల, మాదిగ, కమ్మ, బ్రాహ్మణ అన్న తేడా లేకుండా ఒకే బంతిలో కూర్చుని తినడం. బావి దగ్గర, గుడి దగ్గర, అరుగు దగ్గర గీత గీసి బతికిన ఊళ్లో పక్కన కూర్చుని ముద్ద కలుపుకోవడం ఎంత పెద్ద తెగింపో ఈనాటి విందుల్లో కూర్చునేవాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం. తర్కంతో కులాన్ని ఓడించడం సులువే, ఎవరూ వాదనలో దాన్ని నిలబెట్టలేరు. కానీ విస్తరి ముందు కూర్చున్నప్పుడు గొంతులో అడ్డంపడేది వాదన కాదు, తరాల అలవాటు. గోరా దెబ్బ దాని మీదే.

అప్పటికే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో హేతువాదానికి నేల సిద్ధంగా ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగేసి ప్రశ్నిస్తున్నారు. పక్కనే తమిళనాట పెరియార్ ఉద్యమం ఉరుముతోంది. గోరా దారి వీటికి భిన్నం. పురాణ ఖండన ఆయనకు ప్రధానం కాదు, విగ్రహాలు పగలగొట్టడం అసలే కాదు. ఆయన పనిపద్ధతి అంతా గాంధీదే. ఖద్దరు, సత్యాగ్రహం, పాదయాత్ర, నిర్మాణ కార్యక్రమం, జైలు. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆ కుటుంబం జైలుకు వెళ్లింది. సరస్వతి రెండున్నరేళ్ల నియంతను చంకనేసుకుని జైల్లో ఉన్నారు. ఉదయం లేస్తే రామనామం తలిచే మహాత్ముడి సైన్యంలో దేవుడే లేడనే సైనికుడు. ఈ పొత్తు ఎలా కుదిరింది?

తేలిగ్గా కుదరలేదు. గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. దేవుడు అనే మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారని అడిగారు. దేవుడు మనిషి ఊహకు అందనివాడని క్లుప్తంగా జవాబు వచ్చింది. 1941లో మళ్లీ రాశారు. ముదునూరులో చేస్తున్న పని వివరించి, కలిసి మాట్లాడాలని ఉందన్నారు. ఈసారి జవాబు ఇంకా కటువు. నాస్తికత్వం అంటే తనను తాను కాదనుకోవడమే, దాన్ని ప్రచారం చేసి నెగ్గినవారు లేరు, మీ పని సాగుతుంటే అది మీ నిజాయితీ వల్ల, మాట్లాడేందుకు నాకు తీరిక లేదు. ఉత్తరం సారాంశం అది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. గోరా పనిలో పడ్డారు. సహచరుల్లో ఒకరు గాంధీ ఆశ్రమం ఉన్న సేవాగ్రాం వెళ్లి ఇక్కడి సంగతులు చెప్పాక గాంధీకి ఆసక్తి పుట్టింది. 1944 చివర్లో పిలుపు వచ్చింది.

నడుస్తూ మాట్లాడటం గాంధీకి అలవాటు. ఆ నడకలోనే వీళ్ల మొదటి మాటలు సాగాయి. దేవుణ్ణి నమ్మకపోవడానికీ నాస్తికత్వానికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు. నమ్మకపోవడం ఒక లేమి మాత్రమేననీ, నాస్తికత్వం మనిషిని నిలబెట్టే జీవిత విధానమనీ గోరా బదులిచ్చారు. ఆ తర్వాత బెంగాల్ కరువు సంగతి తెచ్చారు. 1943లో కలకత్తా వీధుల్లో మిఠాయి దుకాణాల ఎదుటే ఆకలితో జనం ప్రాణాలు వదిలారు. చేయి చాస్తే అందే దూరంలో తిండి ఉంది. ఆ మనిషి స్థానంలో ఒక ఎద్దు ఉంటే కర్రతో బాదినా మూతి పెట్టి తినేది, ఆకలితో చచ్చేది కాదు. మనిషి ఎందుకు చచ్చాడు? ఇది తన కర్మ అనుకున్నాడు కాబట్టి. చూస్తూ వెళ్లినవాడు ఎందుకు ఊరుకున్నాడు? అది వాడి కర్మ అనుకున్నాడు కాబట్టి. తనకు నాస్తికత్వం కావాల్సింది ఇందుకేనన్నారు గోరా.

గాంధీ ఆ మాటలను కొట్టిపారెయ్యలేదు. ఇద్దరి మధ్య జరిగిన సంభాషణల్లో ఎక్కువ విలువైన ఘట్టం ఇదే. తన ఆస్తికత్వం ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నారు ఆయన. మనం సత్యాన్ని వెతికేవాళ్లం, పొరపాటు తెలిస్తే మార్చుకుంటాం, ఎవరిది సరో ఫలితాలే తేలుస్తాయి, అప్పుడు నువ్వు నా దారికి రావచ్చు, నేను నీ దారికి రావచ్చు అన్నారు. పని సాగించమనీ, తన సాయం ఉంటుందనీ చెప్పారు. అప్పటికి గాంధీకి డెబ్బై అయిదేళ్లు. మూడేళ్ల కిందట తీరిక లేదన్న పెద్దమనిషి, జీవితమంతా ఆనుకుని నిలబడిన నమ్మకాన్ని తన ముందు నిలబడి కాదంటున్న చిన్నవాడితో అన్న మాట అది.

దీనికి గాంధీ లోపల నేల ముందే దున్ని ఉంది. లండన్‌లో చదువుకునే రోజుల్లో, 1891లో, ప్రసిద్ధ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా అంత్యక్రియలకు ఆయన వెళ్లారు. దేవుడే సత్యం అని చెప్తూ వచ్చిన గాంధీ తర్వాత ఆ వాక్యాన్ని తిరగేసి సత్యమే దేవుడు అన్నారు. 1931 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో ఆ మార్పుకు కారణం వివరించారు. దేవుణ్ణి కాదనేవాళ్లు ఉన్నారు గాని సత్యాన్ని కాదనేవాళ్లు లేరు. సత్యం కోసమే నాస్తికులు దేవుణ్ణి కాదన్నారు. అలా ఆయన వాకిలి తెరిచిపెట్టిన పదమూడేళ్లకు గోరా ఆ వాకిట్లోకి నడిచి వచ్చారు.

మాటల్లో ఒప్పుకోవడం వేరు, పనిలో ఒప్పుకోవడం వేరు. అసలు పరీక్ష గోరా పెద్దకూతురు మనోరమ పెళ్లి. కులం పోవాలంటే మొదట తన ఇంట్లోనే పోవాలని గోరా నిశ్చయం. ఆమెను హరిజన కుటుంబంలోంచి వచ్చిన అర్జునరావుకు ఇవ్వాలనుకున్నారు. గాంధీ చాలా సంతోషించారు. పెళ్లి సేవాగ్రాంలో తన ఎదుటే జరగాలన్నారు. కొంతకాలం ఆగాలనీ, ఈలోగా అర్జునరావు ఆశ్రమంలో ఉండాలనీ షరతు పెట్టారు. మరి పెళ్లి తంతు? ఆశ్రమంలో ప్రమాణాలు దేవుడి సాక్షిగా చేస్తారు. ఈ వధూవరులకు, వీళ్ల తల్లిదండ్రులకు దేవుడితో పని లేదు. అలాంటప్పుడు దేవుడి పేరుతో ప్రమాణం చేయిస్తే అది అబద్ధమవుతుంది. గాంధీ ఆలోచించి, దేవుడి పేరు తీసేసి సత్యం సాక్షిగా ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నారు. తన ఆశ్రమంలో, తన చేతుల మీదుగా జరిగే పెళ్లిలో, ఎదుటివాళ్ల అవిశ్వాసానికి చోటిచ్చారు.

ఆ పెళ్లి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన వెళ్లిపోయారు. మార్చిలో సేవాగ్రాంలోనే, అనుకున్న పద్ధతిలోనే మనోరమ, అర్జునరావుల పెళ్లి జరిగింది. ఈ సంభాషణలన్నిటినీ గోరా ఇంగ్లీషులో చిన్న పుస్తకంగా రాస్తే, గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో అచ్చువేసింది. గాంధీకి సన్నిహితులు, స్వయంగా ఆస్తికులు అయిన కిశోర్‌లాల్ మష్రూవాలా దానికి ముందుమాట రాశారు. వంద పేజీలైనా లేని ఆ పుస్తకం నమ్మకాల మీద వాదించుకునే ప్రతి ఒక్కరి చేతిలో ఉండదగినది. ఇద్దరు మనుషులు తమ మూల విశ్వాసాలను ఒకరి ముందు ఒకరు విప్పి పెట్టుకుని, ఎవరూ మారకుండా, ఎవరూ చిన్నబుచ్చుకోకుండా, కలిసి పనికి దిగిన ఉదాహరణలు మనకు ఎక్కువ లేవు.

గోరా వాదంలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. దేవుణ్ణి నమ్మేవాడు కర్మ అని చేతులు ముడుచుకుంటాడని ఆయన సూత్రం. ఆ సూత్రానికి అందరికంటే పెద్ద మినహాయింపు ఆయన ఎదురుగా కూర్చున్న మనిషే. రామనామం జపిస్తూనే గాంధీ ఒక సామ్రాజ్యాన్ని కదిలించారు. అంటే విశ్వాసం అందరినీ ఒకే అచ్చులో పొయ్యదు. కొందరిని పడుకోబెడుతుంది, కొందరిని లేపుతుంది. గోరా సూత్రం కన్నా గోరా ఆచరణ గట్టిదని చెప్పడంలో ఆయనకు అగౌరవం లేదు. ఆయన కూడా ఆచరణనే చూడమన్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, నాస్తిక కేంద్రం ముదునూరు నుంచి విజయవాడ పటమటకు మారింది. 1949లో ‘సంఘం’ అనే తెలుగు పత్రిక మొదలుపెట్టారు. ఆ తర్వాత గోరా చూపు రాజకీయాల మీదికి మళ్లింది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. ఎన్నికైన సభ్యుడు పార్టీ అధిష్ఠానం మాట కాక, ఓటేసినవాళ్ల మాట వినాలన్నారు. 1952 ఎన్నికల్లో స్వతంత్రంగా నిలబడి ఓడిపోయారు. 1961లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. వెయ్యి మైళ్లకు పైగా నడక. మంత్రుల బంగళాల్లో పూలతోటల బదులు కూరగాయలు పండించాలని ఆందోళన చేశారు. తిండికి కరువున్న దేశంలో పాలకుల తోట ప్రజలకు కనబడే పాఠం కావాలన్నది అందులోని ఉద్దేశం. వృక్షశాస్త్ర పంతులు ఆయనలో చివరిదాకా పోలేదు. రాజకీయాల్లో మాత్రం ఆయన మాట నిలవలేదు. ఆ రంగంలో గోరా గెలిచింది దాదాపు ఏమీ లేదు.

మూఢనమ్మకాల మీద పని మాత్రం ఊళ్లల్లో వేళ్లూనుకుంది. నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడకను అందరిచేతా చేయించి చూపింది. కాలకపోవడానికి మహిమ అక్కర్లేదు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది. పైన బూడిద పొర ఉంటే ఇంకా నెమ్మది. అడుగు ఒక్క క్షణం కూడా ఆనదు. చకచకా నడిచిపోతే అరికాలు కాలేలోపు పాదం లేచిపోతుంది. అదే బొగ్గుల మీద ఇనుప రేకు పరిచి నడవమంటే ఏ భక్తుడూ నడవలేడు, ఏ నాస్తికుడూ నడవలేడు. ఇనుము వేడిని ఒక్కసారిగా పాదంలోకి పంపేస్తుంది. ఇలా కారణం చెప్పి, ఆ తర్వాత చూస్తున్నవాళ్లనే నడవమనేవారు. నడిచి అవతలికి చేరిన కుర్రాడికి ఇక బాబాల గురించి వేరే ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. అదే ఏడాది ఆవుమాంసం, పందిమాంసం కలిపి తినే స్నేహ కార్యక్రమం పెట్టారు. హిందువులు, ముస్లింలు తిండి మీది పట్టింపులు వదిలితే మనుషులుగా దగ్గరవుతారన్నది ఆలోచన. తిండితో కులాన్ని కదిలించిన ముదునూరు అనుభవమే దీనికి మూలం. అయితే పక్కన కూర్చుని తినమనడం, ఎదుటివాడు తరతరాలుగా ముట్టనిదాన్ని తినమనడం ఒకటి కావు. మొదటిదానిలో పంచుకోవడం ఉంది. రెండోదానిలో పరీక్ష పెట్టడం ఎక్కువ. దాని మీద గొడవ రేగడంలో వింత లేదు. గోరా మాత్రం దాన్ని కూడా ముందే ప్రకటించి, బాహాటంగానే చేశారు.

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన కన్నుమూశారు.

నమ్మకం ఒక మనిషిదైతే అది మనిషితో పోతుంది. గోరా ఇంట్లో అది పిల్లల దాకా వచ్చింది. తండ్రి నమ్మకం పిల్లలకు పేర్లుగా, పెళ్లిళ్లుగా రావడం న్యాయమేనా అని అడగవచ్చు. దానికి జవాబు ఆ పిల్లలు పెద్దయ్యాక చేసిన పనిలో వెతకాలి. లవణం యువకుడిగా వినోబా భావే భూదాన పాదయాత్రలో ఆయన ప్రసంగాలను తెలుగు చేశారు. 1960లో మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. కులం పేరుతో అవమానాలు దిగమింగి కవిత్వం రాసిన జాషువా ఇంటికి, కులాన్ని ఇంట్లోంచి తరిమేసిన గోరా ఇంటికి వియ్యం కుదిరింది.

ఆ దంపతులు 1970లలో బాపట్ల దగ్గరి స్టువార్టుపురంలో అడుగుపెట్టారు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసి ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయింది, ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు అక్కడికే వచ్చేవారు. దొంగతనం వాళ్ల నుదుట రాసి ఉందని ఊరూ నమ్మింది, చివరికి వాళ్లలో కొందరూ నమ్మారు. గోరా జీవితమంతా పోరాడింది సరిగ్గా ఈ నమ్మకంతోనే కదా. హేమలత ఆ ఇళ్లల్లో తిరిగారు, ఆడవాళ్లతో మాట్లాడారు, జైళ్లలో ఉన్నవాళ్లను కలిశారు, పిల్లలను చదువుల్లో పెట్టే ప్రయత్నం చేశారు. 1980లలో ఆమె పని నిజామాబాద్ జిల్లాకు సాగింది. అక్కడ దళిత బాలికలను దేవతకు పెళ్లి చేసి జోగినిలుగా మార్చే ఆచారం ఉండేది. దేవుడి పేరుతో ఒక అమ్మాయి జీవితాన్ని ఊరి పెద్దల పరం చెయ్యడం అది. హేమలత, లవణం లాంటి కార్యకర్తల ఒత్తిడి ఫలించి 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ అంకితాలను నిషేధిస్తూ చట్టం చేసింది.

మరో కొడుకు డాక్టర్ సమరం వారపత్రికల శీర్షికల ద్వారా ఇంటింటికీ తెలిసినవారయ్యారు. ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలను, శరీరం గురించీ దాంపత్యం గురించీ, తెలుగువాళ్లు ఉత్తరాలుగా రాసి ఆయన్ని అడిగారు. దాచడం వల్లే భయాలు పెరుగుతాయన్న తండ్రి మాట వైద్యంలోకి వచ్చిన తీరు అది.

సరస్వతి భర్త పోయాక ముప్పై ఒక్క ఏళ్లు బతికారు. నాస్తిక కేంద్రానికి పెద్దదిక్కుగా నిలిచారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు కేంద్రం మనుషులు సహాయ పనుల్లో దిగారు. వాసవ్య మహిళా మండలి ద్వారా ఆడవాళ్లకు ఆసరా, వైద్యం, కులాంతర వివాహాలకు అండ, దిక్కులేని పిల్లలకు చోటు. ఇవన్నీ పెద్ద ఉపన్యాసాలకు అందని పనులు, రోజూ తెల్లవారితే మళ్లీ మొదలుపెట్టాల్సినవి. పదేళ్ల వయసులో తాళి కట్టించుకుని, భర్త జంధ్యం తీసేస్తే ఆయనతో పాటు ఇల్లు వదిలి, గ్రహణంలో కడుపుతో బయటికి నడిచి, చంటిబిడ్డతో జైలుకు వెళ్లిన మనిషి ఆమె. 2006 ఆగస్టులో ఆమె మరణించేనాటికి కేంద్రానికి అరవై ఆరేళ్లు నిండాయి.

గోరా శతజయంతి ఏడాది 2002లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. అంతకు మూడేళ్ల ముందు, 1999లో, సరస్వతికి జమ్నాలాల్ బజాజ్ పురస్కారం ఇచ్చారు. గాంధీని వార్ధాకు పిలిపించి, సేవాగ్రాం ఆశ్రమం వెలయడానికి ఊతంగా నిలిచిన భక్తుడు జమ్నాలాల్. ఆయన పేరు మీది పురస్కారం దేవుడు లేడని చివరిదాకా చెప్పిన సరస్వతి చేతికి, ఆమె మాట మార్చుకోమని ఎవరూ అడగకుండానే, వచ్చింది.